తెరకన్నా ముందు చూడాల్సింది

మరబోటుకు చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ కొనబోయేవారి చూపు మొదట తెరమీద పడుతుంది. ఎన్ని అంగుళాలు, ఎన్ని రంగులు, ఎండలో కనిపిస్తుందా అని బేరం సాగుతుంది. ఈ యంత్రం ఎలా పుట్టిందో, ఎలా పనిచేస్తుందో తెలిస్తే వరుస తిరగబడుతుంది. ముందు తేల్చుకోవలసింది నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వనిని పట్టే ట్రాన్స్‌డ్యూసర్ సంగతి. ఆ తర్వాత ఉన్నచోటు చెప్పే జీపీఎస్. తెర చివరిది.

1912లో టైటానిక్ మునిగాక, మంచుకొండను ముందే పసిగట్టే ఉపాయం కోసం చాలామంది వెతికారు. జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బెమ్ నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని వినాలనుకున్నాడు. మంచుకొండ సరిగా చిక్కలేదుగానీ సముద్రపు అడుగు చక్కగా బదులిచ్చింది. 1913లో అతనికి పేటెంట్ వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ జలాంతర్గాముల జాడ తీయడానికి క్వార్ట్జ్ స్ఫటికాన్ని వాడాడు. విద్యుత్తు తగిలితే కంపించి శబ్దం పుట్టించడం, శబ్దం తగిలితే విద్యుత్తు పుట్టించడం దాని గుణం. నేటి ట్రాన్స్‌డ్యూసర్‌కు మూలం అదే. 1935లో నార్వే శాస్త్రజ్ఞుడు ఆస్కార్ సుండ్ లోఫోటెన్ దగ్గర కాడ్ చేపల గుంపుల ప్రతిధ్వనిని కాగితంమీద నమోదుచేసి ప్రచురించాడు. రెండో యుద్ధం ముగిశాక జపాన్‌లోని నాగసాకి ప్రాంతానికి చెందిన ఫురునో సోదరులు సైన్యానికి అక్కరలేకుండా పోయిన లోతుమాపకాలను మార్చి, 1948లో మత్స్యకారులకు పనికివచ్చే ఫిష్ ఫైండర్‌ను తయారుచేశారు. మంచుకొండ, అడుగు, జలాంతర్గామి, చేప అంటూ వేట మారుతూ వచ్చినా సూత్రం మారలేదు. మెరుగుపడింది శబ్దాన్ని పంపి పట్టుకునే పరికరం, వచ్చిన ప్రతిధ్వనిని చదివే తెలివి.

నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 75 మీటర్ల లోతునుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో పదోవంతు చాలు. చేప ఒంటికీ నీటికీ సాంద్రతలో పెద్ద తేడా లేదు కాబట్టి మాంసంనుంచి వచ్చే ప్రతిధ్వని బలహీనం. గట్టిగా బదులిచ్చేది చేప కడుపులోని గాలితిత్తి. అది లేని సొర పెద్దదైనా మసకగానే కనిపించవచ్చు. పైగా తెరమీద కనిపించేది నీటి అడుగు ఫొటో కాదు. కుడి అంచున ఉన్నది ఇప్పటి ప్రతిధ్వని, ఎడమకు జరిగినకొద్దీ పాతది. ఎంత పెద్ద తెరైనా తనకు అందని సమాచారాన్ని పుట్టించలేదు.

అందుకే మొదటి ప్రశ్న: ఎంత లోతులో వేట? 200 కిలోహెర్ట్జ్ శబ్దం సన్నని కిరణంగా పోయి, దగ్గరదగ్గరగా ఉన్న చేపలను విడివిడిగా చూపుతుంది. కానీ నీరు దాన్ని త్వరగా పీల్చేస్తుంది. 50 కిలోహెర్ట్జ్ లోతుకు పోతుంది, వివరం తగ్గుతుంది. 20 డిగ్రీల కిరణం 50 మీటర్ల లోతున దాదాపు 18 మీటర్ల వెడల్పు చూస్తే, 45 డిగ్రీలది 41 మీటర్లు చూస్తుంది. ఒడ్డుకు దగ్గరి వేటకు 200 కిలోహెర్ట్జ్, లోతు సముద్రానికి 50 కిలోహెర్ట్జ్ నప్పుతాయి. రెండుచోట్లా తిరిగే బోటుకు రెండూ ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ కావాలి. బిగించే చోటూ ముఖ్యమే. ఇంజన్ పంకా లేపే నురగ కూడా గాలే కనుక, అది గాలితిత్తిలాగే ప్రతిధ్వనిస్తుంది; దానికి దూరంగా బిగించాలి. మధ్యలో ఫోమ్ పొర లేని గట్టి ఫైబర్ బోటులో ట్రాన్స్‌డ్యూసర్‌ను లోపలినుంచి అతికించవచ్చు. చెక్క బోటులో అది కుదరదు, నీటికి నేరుగా తగలాలి.

తెర చెప్పేది గడిచిన క్షణాల సంగతి కాబట్టి, జీపీఎస్ లేని ఫిష్ ఫైండర్ సగం పనే చేస్తుంది. గుంపు కనిపించినచోటికి, వల చిక్కుకునే రాతినేల ఉన్నచోటికి గుర్తు పెట్టకపోతే మళ్లీ వెతుక్కోవాల్సిందే. జీపీఎస్ సంకేతాల్లో అమెరికా కావాలని కలిపిన పొరపాటును 2000 మేలో తీసేశాక, సామాన్యుల జీపీఎస్‌లో తేడా 100 మీటర్ల స్థాయినుంచి పదీ ఇరవై మీటర్లకు దిగింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను ప్రకటిస్తుంది. ఆ సమాచారం వాడుకోవాలన్నా బోటు ఎక్కడుందో తెలియాలి. నీళ్లమీద కనబడని సరిహద్దు గీత విషయంలోనూ అంతే. 2018లో గుజరాత్ తీరంనుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారుల ఉదంతం దీనికి ఉదాహరణ.

ఫోన్‌లో జీపీఎస్ ఉండగా వేరే పరికరం ఎందుకని అడగవచ్చు. మొబైల్ సిగ్నల్ లేకపోయినా ఫోన్ ఉన్నచోటు చెప్పగలదు. మ్యాపు ముందే దించుకోవాలంతే. అయితే ఉప్పునీరు, ఎండ, బ్యాటరీ దానికి శత్రువులు. తోడుగా ఉంచుకోవాలి, దానిమీదే ఆధారపడకూడదు. ఇక రెండో అభ్యంతరం బరువైనది: ఇలాంటి యంత్రాలు సముద్రాన్ని ఖాళీ చేయవా? చేశాయి కూడా. 1960ల చివర నార్వే హెర్రింగ్ చేప దాదాపు కనుమరుగు కావడంలో శబ్దంతో చేపను వెతికే సోనార్‌కూ, వలను లాగే యంత్రాలకూ వాటా ఉంది. కానీ చూపు మందగించినంత మాత్రాన వేట ఆగదు, డీజిల్ మాత్రం ఎక్కువ తగలబడుతుంది. చేపను కాపాడేవి తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ ఉండే నిషేధం, వల కన్ను కొలత వంటి కట్టుబాట్లు. యంత్రం పదునెక్కినకొద్దీ వాటి అమలూ గట్టిపడాలి.

మూడో మాట సరంగుల అనుభవం గురించి. నీటి రంగు, పక్షుల గుంపులు, ఒడ్డున కొండల వరుస చూసి చోటు పట్టేవారికి ఈ యంత్రం పోటీ కాదు. తెరమీది మచ్చ ఏ చేపదో అది చెప్పదు. ఆ రుతువులో ఆ లోతున ఏ జాతి తిరుగుతుందో తెలిసినవారే చెప్పాలి. డబ్బు పరిమితంగా ఉంటే చిన్న తెరతో సర్దుకోవచ్చు. లోతుకు సరిపడని ట్రాన్స్‌డ్యూసర్‌తోనూ, గుర్తు పెట్టుకోలేని యంత్రంతోనూ సర్దుకోవడం మాత్రం నష్టమే.