కంటికి కనబడని నటుడు

రంగస్థలముపై నటునకు తోడ్పడునవి పెక్కు కలవు. కిరీటము ధరించి వచ్చినంతనే ఇతడు రాజని ప్రేక్షకులు గ్రహింతురు. కన్నులలోని కోపము, వంచిన తలలోని సిగ్గు మాట వెలువడక మునుపే తెలిసిపోవును. రేడియో నాటకమున ఈ సాధనములేవియు లేవు. వినువానికి రాజును, రాజసభను, రాజు మనస్సులోని దిగులును చూపవలసినది ఒక్క కంఠస్వరమే.

హైదరాబాదున 1935లోను, మద్రాసున 1938లోను, విజయవాడలో 1948లోను రేడియో కేంద్రములు వెలసిన పిమ్మట తెలుగువారికి ఈ కళ పరిచయమైనది. నేడు చలనచిత్రములకు గాత్రదానము చేయుట, పుస్తకములను చదివి ధ్వనిముద్రణము చేయుట కూడ ఇందు చేరినవి. చూపులేనివారికి అట్టి పుస్తకము చదువరి గొంతులోనే తెరచుకొనును. అతడు తొందరపడి ఒక మాట మ్రింగివేసినచో, అచ్చు పుట చూచి ఆ లోటు తీర్చుకొను వీలు వారికి లేదు.

గంభీరమైన గొంతు ఉన్నచో చాలునని క్రొత్తవారు తలంతురు. ఇది పొరపాటు. ధ్వనికి మూలము ఊపిరి. ఊపిరితిత్తులనుండి వచ్చు గాలి కంఠములోని నాదతంత్రులను కదలించును. మాటలాడునపుడు అవి పురుషులలో సెకనుకు సుమారు 100 నుండి 150 మార్లు, స్త్రీలలో సుమారు 200 మార్లు కంపించును. గాలి చాలనపుడు గొంతు బిగించి అరచుట క్రొత్తవారి అలవాటు. దానివలన ఆ లేత పొరలు రాచుకొని వాచును, గొంతు బొంగురుపోవును. భుజములెత్తక, పొట్ట కదలునట్లు నెమ్మదిగా ఊపిరి తీసికొని, దానిని వాక్యము తుదవరకు పొదుపుగా వాడుట మొదట నేర్వవలెను. కోపమునకు కేకయే వలయునను నియమము లేదు. పండ్లు బిగించి మెల్లగా పలికిన మాట మైకునందు కేకకంటె భయంకరముగా వినబడును.

పాణినీయశిక్ష యను ప్రాచీన గ్రంథము చెడ్డ పాఠకులు ఆరు విధములని చెప్పినది: రాగము తీయువాడు, తొందరపడువాడు, తల ఊపువాడు, వ్రాతను చూచి ఒప్పగించువాడు, అర్థమెరుగనివాడు, గొంతు చాలనివాడు. వేదము చదువువారికై చెప్పినదైనను ఇది మైకు ముందు నిలుచువారికి చక్కగా తగులును. తల ఊపువాని మాట ఒకమారు దగ్గరగా, ఒకమారు దూరముగా వినవచ్చును గదా! అక్షరములను ఆడుపులి తన పిల్లలను నోట కరచికొని పోవునట్లు, జారనీయక, కోర దిగనీయక పలుకవలెనని కూడ ఆ గ్రంథమే ఉపమానము చెప్పినది. ‘కళ’ను ‘కల’ చేసినవాడు పిల్లను జారవిడిచినట్లే. ప్రతి వత్తును నొక్కి నొక్కి పలుకువాడు కరచినట్లే.

ఆరుగురిలో అర్థమెరుగనివానివలన కలుగు చేటు అధికము. “దొంగ రాజుగారి గుర్రాన్ని తోలుకుపోయాడు” అను వాక్యమును చూడుడు. ‘దొంగ’ యను మాట తరువాత క్షణకాలము ఆగినచో దొంగ దొంగగానే యుండును. ఆగక ‘దొంగరాజుగారి’ అని కలిపి చదివినచో పాపము, గుర్రము పోయిన రాజే దొంగయగును! “రాముడు నిన్న ఇక్కడికి వచ్చాడా?” అను ప్రశ్నయు అట్టిదే. ‘రాముడు’ అనుచోట ఊనిక నుంచినచో వచ్చినది మరియొకడేమో యను సందేహము. ‘నిన్న’ అనుచోట నుంచినచో రోజును గూర్చిన సందేహము. కావున నేర్పరులు ముందుగా పాఠమునంతయు మనస్సులో చదువుకొని, ఎచట ఆగవలెనో, ఎచట ఊనవలెనో పెన్సిలుతో గుర్తు పెట్టుకొందురు. పిమ్మటనే నోరు తెరతురు.

పాత్ర మారినపుడు గొంతును సన్నగానో లావుగానో చేసిన చాలదు. ముసలితనము గొంతులోకంటె మాటల నడుమ వచ్చు ఆయాసములో ఎక్కువగా తెలియును. 2008లో వచ్చిన ‘దశావతారం’ చిత్రమున కమలహాసన్ పది వేషములు ధరించెను. దాని తెలుగు రూపమున వానిలో ఏడింటికి గాత్రదానము చేసినవాడు గాయకుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము. ఆ ఏడింట ఒకటి వృద్ధస్త్రీ పాత్ర. పాటకు అలవడిన ఊపిరి మాటకును పనికివచ్చునని దీనివలన తెలియును.

మైకునకు కొన్ని మర్యాదలు కలవు. ‘ప’, ‘ఫ’, ‘భ’ వంటి అక్షరములు పలుకునపుడు నోటి గాలి సూటిగా తగిలి ‘దబ్’ మని చప్పుడగును గనుక ముఖమును కొంచెము ప్రక్కకు త్రిప్పుదురు. రహస్యము చెప్పునపుడు దగ్గరకు జరుగుదురు. పాత్ర వెడలిపోవునపుడు మాటలాడుచునే వెనుకకు అడుగులు వేయుదురు. చేతిలోని కాగితములను కుట్టక విడివిడిగా నుంచుకొని, చదివినదానిని సద్దు కాకుండ ప్రక్కకు తొలగింతురు. లేనిచో అరణ్యమున సీతకై విలపించు రాముని పలుకుల నడుమ కాగితముల గలగల వినవచ్చును.