రెటీ చదరంగ సమస్య

రెటీ సమస్య చదరంగపు ముగింపు దశకు చెందిన సమస్యలలో మిక్కిలి ప్రసిద్ధమైనది. దీనిని రిచర్డ్ రెటీ 1921లో కూర్చి ప్రకటించాడు. ఇందులో బల్ల మీద ఉండేవి నాలుగు పావులు మాత్రమే: ఇరుపక్షాల రాజులు, చెరొక బంటు. చూడగానే తెల్ల పక్షం ఓడిపోక తప్పదని తోస్తుంది. అయినప్పటికీ ఆ పక్షం సరియైన ఎత్తులు వేసి ఆటను డ్రా చేసుకోగలదు. ఈ సాధనలోని రాజు నడకకు "రెటీ విన్యాసం" అని పేరు వచ్చింది.

రచయిత

రిచర్డ్ రెటీ (మే 28, 1889 - జూన్ 6, 1929) నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలోని పెజినోక్ పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం స్లొవేకియా దేశంలో ఉన్నది. గణితశాస్త్రం చదవడానికి వియన్నా వెళ్ళిన రెటీ అక్కడ చదరంగ క్రీడాకారునిగా ఎదిగాడు. 1924లో న్యూయార్క్ టోర్నమెంటులో అప్పటి ప్రపంచ విజేత కాపబ్లాంకాను ఓడించాడు. కాపబ్లాంకాకు ఎనిమిది సంవత్సరాలలో అదే మొదటి ఓటమి. 1925లో బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో బల్లలను చూడకుండా ఏకకాలంలో 29 ఆటలు ఆడి ఆనాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ప్రాగ్ నగరంలో జ్వరంతో మరణించే నాటికి అతని వయస్సు 40 సంవత్సరాలు.

గడుల పేర్లు

చదరంగపు బల్లలో 64 గడులు ఉంటాయి. తెల్ల పక్షం వైపు నుండి చూసినప్పుడు నిలువు వరుసలను ఎడమ నుండి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పిలుస్తారు. అడ్డు వరుసలకు క్రింది నుండి పైకి 1 నుండి 8 వరకు అంకెలు ఉంటాయి. సి నిలువు వరుస, 6వ అడ్డు వరుస కలిసే గడి సి6 అవుతుంది. తెల్ల బంటు 8వ వరుసకు, నల్ల బంటు 1వ వరుసకు చేరితే మంత్రిగా మారవచ్చు.

సమస్య

* తెల్ల పక్షం: రాజు హెచ్8, బంటు సి6
* నల్ల పక్షం: రాజు ఎ6, బంటు హెచ్5

తెల్ల పక్షం మొదట ఆడి డ్రా చేసుకోవాలి.

సమస్యలోని చిక్కు

తెల్ల రాజు ముందు రెండు పనులు ఉన్నాయి. నల్ల బంటును ఆపడం ఒకటి, తన బంటుకు తోడుగా వెళ్ళడం మరొకటి. విడివిడిగా చూస్తే రెండూ అసాధ్యంగానే కనిపిస్తాయి.

రాజు బంటును పట్టుకోగలడా అన్నది తెలుసుకోవడానికి చతురస్ర సూత్రం ఉపయోగపడుతుంది. బంటు ఉన్న గడి నుండి అది మంత్రిగా మారే గడి వరకు గల దూరాన్ని భుజంగా తీసుకొని ఒక చతురస్రాన్ని ఊహించాలి. ఎదుటి రాజు అందులో ఉన్నా, తన వంతు వచ్చినప్పుడు అందులో అడుగు పెట్టగలిగినా బంటును పట్టుకోగలడు. ఇక్కడ నల్ల బంటుకు సంబంధించిన చతురస్రం మూలలు హెచ్5, డి5, డి1, హెచ్1. తెల్ల రాజు ఈ ఎత్తులో 5వ వరుసకు చేరవలసి ఉండగా 7వ వరుస వరకే రాగలడు. అనగా అతడు రెండు ఎత్తులు వెనుకబడి ఉన్నాడు.

తన బంటు సంగతి కూడా అంతే. దానిని వెంటనే సి7కు జరిపితే నల్ల రాజు బి7కు వచ్చి తరువాతి ఎత్తులో చంపుతాడు. జరపకపోయినా నల్ల రాజు బి6 మీదుగా రెండు ఎత్తులలో దానిని చంపగలడు.

సాధన

1. తెల్ల రాజు జి7, నల్ల బంటు హెచ్4.

2. తెల్ల రాజు ఎఫ్6. ఇప్పుడు నల్ల పక్షానికి రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి: నల్ల పక్షం బంటును హెచ్3కు నడిపితే తెల్ల రాజు ఇ7కు వెళతాడు. నల్ల బంటు హెచ్2కు, తెల్ల బంటు సి7కు చేరుతాయి. నల్ల రాజు బి7కు వచ్చినా తెల్ల రాజు డి7లో నిలిచి తన బంటును కాపాడుకుంటాడు. రెండు బంట్లూ మంత్రులుగా మారతాయి. ఫలితం డ్రా.

రెండవ దారి: నల్ల రాజు తెల్ల బంటును చంపడానికి బి6కు వస్తే,

3. తెల్ల రాజు ఇ5. ఇది సమస్యకు కీలకమైన ఎత్తు. ఇక్కడి నుండి అతడు డి6కు వెళ్ళి తన బంటుకు తోడ్పడగలడు, లేదా ఎఫ్4కు దిగి నల్ల బంటును అందుకోగలడు. నల్ల రాజు సి6లోని బంటును చంపితే,

4. తెల్ల రాజు ఎఫ్4, నల్ల బంటు హెచ్3.

5. తెల్ల రాజు జి3, నల్ల బంటు హెచ్2.

6. తెల్ల రాజు హెచ్2లోని బంటును చంపుతాడు.

బల్ల మీద రాజులు మాత్రమే మిగిలినందున ఆట డ్రా అవుతుంది. 3వ ఎత్తులో నల్ల పక్షం తెల్ల బంటును చంపకుండా తన బంటును హెచ్3కు జరిపితే, తెల్ల రాజు డి6కు వెళతాడు. అప్పుడు ఇరుపక్షాలకూ మంత్రులు వస్తాయి.

నల్ల రాజు మొదటి ఎత్తులోనే బి6కు వచ్చినా తెల్ల రాజు ఎఫ్6కే వెళ్ళాలి. తరువాత నల్ల రాజు బంటును చంపితే తెల్ల రాజు జి5కు వచ్చి నల్ల బంటును పట్టుకుంటాడు.

సాధనకు కారణం

జ్యామితిలో త్రిభుజపు రెండు భుజాల మొత్తం మూడవ భుజం కంటే ఎక్కువ. చదరంగపు రాజుకు ఈ నియమం వర్తించదు. రాజు నిలువుగా నడిచినా ఐమూలగా నడిచినా ఒక ఎత్తుకు ఒక గడి మాత్రమే కదులుతాడు. కనుక అతని దూరాన్ని ఎత్తులలోనే లెక్కించాలి. హెచ్8 నుండి హెచ్2కు నిలువుగా దిగితే 6 ఎత్తులు పడుతుంది. హెచ్8 నుండి ఇ5కు ఐమూలగా 3 ఎత్తులు, ఇ5 నుండి హెచ్2కు మరల ఐమూలగా 3 ఎత్తులు, వెరసి 6. చుట్టు తిరిగినట్లు కనిపించే దారిలో ఒక్క ఎత్తు కూడా వృథా కాదు.

అయితే నిలువుగా దిగిన రాజు తన బంటుకు దగ్గర కాడు. కాబట్టి నల్ల బంటు ఆగకుండా ముందుకు సాగి మంత్రి అవుతుంది. ఐమూలగా వచ్చిన రాజు రెండు బంట్లకూ ఒకేసారి చేరువవుతాడు. అందువలన నల్ల రాజు తెల్ల బంటును తొలగించడానికి రెండు ఎత్తులు ఖర్చు చేయక తప్పదు. తెల్ల రాజుకు మొదట తక్కువైనవి సరిగ్గా ఆ రెండు ఎత్తులే.

ప్రాధాన్యత

ఇటువంటి ఆలోచన నిజమైన ఆటలలోనూ కనిపిస్తుంది. రెటీ సమస్యకు ముందే, 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్ టోర్నమెంటులో ఇమాన్యుయేల్ లాస్కర్ ఇదే తరహా రాజు నడకతో టారాష్‌పై ఆటను డ్రా చేసుకున్నాడు. రెటీ ఆ ఆలోచనను నాలుగు పావులకు కుదించి స్పష్టపరిచాడు.

ఏడు పావుల వరకు గల స్థితుల ఫలితాలను కంప్యూటర్ల సహాయంతో పట్టికలుగా సిద్ధం చేశారు. మాస్కో విశ్వవిద్యాలయంలో రూపొందించిన లొమొనోసొవ్ పట్టికలు 2012లో పూర్తయ్యాయి. నాలుగు పావుల స్థితి అయిన రెటీ సమస్య ఈ పరిధిలోనిదే. ఇందులో జి7 తప్ప తెల్ల పక్షానికి డ్రా ఇచ్చే మొదటి ఎత్తు మరొకటి లేదు.