కలి పడిన పందెం

ధనుర్మాసం వచ్చినదంటే కృష్ణ దిగువసీమలో ఆటలకు ఋతువు వచ్చినట్లే. ముక్కోటి ఏకాదశి జాగరణకు బందరు ఇండ్లలో వైకుంఠపాళి పటం పరుస్తారు. నూర్పిళ్లు ముగిసి చేతిలో నాలుగు రూకలు ఆడే ఆ దినాలలో గుడివాడ చుట్టుపట్ల గ్రామాల అరుగుల మీద పేక కలుపుతారు. దివిసీమలో సంక్రాంతినాడు, చట్టం కాదన్నా సరే, కోళ్లు కాళ్లకు కత్తులతో బరిలో దిగుతవి. చిన్నపిల్లలకు అష్టాచెమ్మా ఉన్నది. కొంచెం ఎదిగినవారికి క్యారమ్సు బల్ల ఉన్నది. పట్నపు యువకులకు స్నూకరు, పూల్ ఆటల పచ్చని బల్లలున్నవి.

ఆటలు వేరైనా ఓడిపోయేవాని కోపం మాత్రం ఒక్కటే. పరమపదానికి నాలుగు గళ్ల దూరంలో ఉన్న పిల్లవాణ్ణి పెద్దపాము మింగి అడుగువరుసకు దించివేస్తుంది. వాడు గవ్వలు విసిరికొట్టి గదిమూలకు చేరుతాడు. గంటసేపటి నుంచీ జోకరు ముఖం చూడని పెద్దమనిషి ముక్కలను తిట్టడు, వాటిని పంచిన బావమరిదిని తిడతాడు. క్యారమ్సులో కాయ గుంట అంచుదాకా పోయి, లోపలికి తొంగిచూచి, అక్కడనే నిలిచిపోతుంది. ఆడినవాడు బల్లచట్రాన్ని అరచేతితో చరుస్తాడు. ఎదుటివాని కాయ గురితప్పి, రెండు మూడు అంచులకు తగిలి, ఎవరూ అనుకోని గుంటలో పడినప్పుడైతే ఆ కోపానికి మేర ఉండదు. స్నూకరు ఆడేవారిలో ఒక మర్యాద కలదు. గుడ్డిదెబ్బకు బంతి పడితే, ఆ లాభం పొందినవాడు చేయి కొంచెం ఎత్తి ఎదుటివానికి క్షమాపణ తెలుపుతాడు. లాభం వదలుకోడు గాని, అది తన నేర్పు కాదని ఒప్పుకొంటాడు. మన అరుగుల మీద ఈపాటి మర్యాద ఉన్నా ఎన్నో బంధుత్వాలు చెడకుండా నిలిచేవి.

ఓటమివల్ల కలిగే దుఃఖం వేరు. దురదృష్టం వల్ల కలిగే కోపం వేరు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు, ఇద్దరు మనుష్యుల ఎత్తులు తప్ప మరేమీ లేవు. అక్కడ ఓడినవాడు తలగోక్కొని, "ఆ మేకను అటు జరపవలసినది కాదు" అని గొణుగుకొంటాడు. తిట్టుకొనేందుకు వానికి గవ్వ లేదు. గవ్వ, పాచిక, పేకముక్క ప్రవేశించిన చోటనే మనిషి తనకు అన్యాయం జరిగినదని భావించడం మొదలుపెడతాడు. అన్యాయం జరిగినదన్న తరువాత అది చేసినవాడొకడు ఉండాలి గదా! వాడు కనబడక పోయేసరికి ఎదుట కూర్చున్నవాడు చిక్కుతాడు.

భాగవతం దశమస్కంధంలో అనిరుద్ధుని వివాహఘట్టం చదివినవారికి ఈ సంగతి బోధపడక మానదు. పెండ్లి అయిపోయినది, బంధువులందరూ కులాసాగా ఉన్నారు. కళింగరాజు ప్రోద్బలంతో రుక్మి బలరాముణ్ణి జూదానికి పిలుస్తాడు. బలరాముడు నూరు ఒడ్డి ఓడినాడు, వేయి ఒడ్డి ఓడినాడు, పదివేలు ఒడ్డి ఓడినాడు. కళింగుడు పండ్లు ఇకిలించి నవ్వినాడు. తరువాత పందెం తనదైనప్పుడు రుక్మి కాదని బొంకినాడు. గోవులను కాచుకొనేవారికి జూదమేమి తెలియునని ఎద్దేవా చేసినాడు. అంతే, పెండ్లివారింట పరిఘ లేచినది. రుక్మి ప్రాణాలు, కళింగుని పండ్లు ఒకే విడతలో రాలినవి. బొంకు క్షమింపరానిదే. కాని ఆ పరిఘ లేవడానికి మూడు ఓటములు, ఒక నవ్వు ముందుగానే చేయవలసిన పని చేసి ఉన్నవి.

ధర్మరాజు కోపం ఇటువంటిది కాదు. అది పైకి కనబడదు. అందువల్లనే ఎక్కువ ప్రమాదకరమైనది. ఓడినకొద్దీ పందెం పెంచుకొంటూ పోయినాడు. ధనం పోయిన తరువాత రాజ్యం, రాజ్యం పోయిన తరువాత తమ్ములు, తరువాత తాను, ఆ తరువాత ద్రౌపది. కేకలు లేవు, పాచికలు విసిరికొట్టడం లేదు. పోయినదంతా తరువాతి పందెంలో తిరిగి రావాలనే మంకుపట్టు మాత్రమే ఉన్నది. చూచేవారికి ఇది ఓర్పువలె కనిపిస్తుంది. భీముడు మాత్రం మోసపోలేదు. జూదమాడిన ఆ చేతులను కాల్చడానికి నిప్పు తెమ్మని సహదేవునితో అన్నాడు.

ఈ కథ ఈ సీమకు పుస్తకంలోని కథ కాదు. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా ఉండి, విశ్వనాథ, పింగళి, కాటూరి వంటి శిష్యులను తయారుచేసినారు. ఆ జంటకవుల పాండవోద్యోగ విజయాలు తెల్లవార్లూ ఆడని ఊరు దివిసీమలో గాని, గుడివాడ ప్రాంతంలో గాని అరుదు. చదువురాని పాలేరు కూడా ఆ పద్యాలు రాగం తీసి పాడిన కాలం ఒకటి గడచినది. రాయబారంతో మొదలయ్యే ఆ నాటకానికి వెనుక, తెర లేవకముందే జరిగిపోయిన జూదం ఉన్నదని ప్రేక్షకులలో ఎరుగని వారు లేరు.

రాయబారానికీ జూదానికీ నడుమ అడవిలో జరిగిన సంభాషణ మాత్రం రంగస్థలానికి ఎక్కలేదు. అరణ్యపర్వంలో ధర్మరాజు బృహదశ్వ మహర్షిని ఒక ప్రశ్న అడుగుతాడు: నావంటి దురదృష్టవంతుడు లోకంలో మరొకడు ఉన్నాడా? ఓడిన ప్రతి ఆటగాడూ అడిగే ప్రశ్నయే ఇది. ఆ ఋషి "శాంతించు నాయనా" అనలేదు. నలుని కథ చెప్పినాడు. చెప్పి ఊరకుండక, కథ చివర ధర్మరాజుకు అక్షహృదయమనే విద్యను, అనగా పాచికల మర్మాన్ని, ఉపదేశించినాడు. దుఃఖితునికి కథ, జూదరికి గణితం! భారతాన్ని నీతిగ్రంథంగానే చదివేవారు ఈ రెండవదాన్ని దాటిపోతుంటారు.

నలుని కథలోని కలి ఎవరు? కలియుగానికి అధిదేవత అని పిల్లలకు చెబుతాము. చెప్పవలసినది మరొకటి ఉన్నది. కృతము, త్రేత, ద్వాపరము, కలి అనేవి యుగాల పేర్లే గాక, ప్రాచీన ద్యూతంలో పందేల పేర్లు కూడా. కృతం అన్నిటికంటె మేలైన పందెం. కలి ఓటమి పందెం. నాటి పాచికలు దంతంతో చేసినవి కావు. త్రిఫలాలలో ఒకటైన తాండ్రకాయలు. ఋగ్వేదం పదవ మండలంలోని జూదరి సూక్తం విలపించేది ఈ కాయలను గురించే. ఇప్పుడు కథను మరల చదివితే అర్థం మారుతుంది. ద్వాపరుడు పాచికలలో ప్రవేశించినాడు. కలి నలునిలో ప్రవేశించినాడు. అంటే చెడుపందెం పటం మీద ఆగిపోక ఆడేవాని లోపలికి పోయి కాపురం పెట్టినది. బయట కలి ఒక్కసారే పడుతుంది. లోపల ఉన్న కలి ప్రతి పందెంలోను పడుతుంది. మంత్రులు వారించినా, దమయంతి బతిమాలినా నలునికి వినబడనిది అందువల్లనే.

ఇంగ్లీషువారి యంత్రపు ఆటలలో దీనికి చక్కని పోలిక దొరుకుతుంది. గోలీ ఉరికే పిన్‌బాల్ యంత్రాన్ని ఆటగాడు కోపంతో ఊపితే లోపల 'టిల్ట్' అనే దీపం వెలిగి ఆట నిలిచిపోతుంది. పేకాటగాళ్లు ఆ మాటను అరువు తెచ్చుకొని, చెడుముక్క వల్ల మతిచెడి ఆడేవానికి అంటగట్టినారు. యంత్రమే నయం, ఒరిగిన తక్షణమే ఆట ఆపివేస్తుంది. సెల్‌ఫోనులో రమ్మీ ఆడిన యువకుణ్ణి ఆపినవారు లేరు. ఓడినకొద్దీ పందెం పెంచి, జీతం, అప్పు, ఇంటి నగలు వరుసగా ఒడ్డినవారి వార్తలు ఈ పత్రికలలోనే చదివినాము. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2025లో కేంద్ర ప్రభుత్వం చట్టాలు చేసినవి. రమ్మీ కేవలం అదృష్టపు ఆట కాదని, నేర్పుకు అందులో ప్రాధాన్యమున్నదని 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన వ్యాజ్యంలోనే తీర్పు చెప్పినది. తీర్పు సరియైనదే. ఆటగాడు దాన్ని ఉపయోగించుకొనే తీరు వేరు: గెలిచినప్పుడు నేర్పు, ఓడినప్పుడు అదృష్టం!

నలుని లోపలి కలి ఎట్లు బయటికి వచ్చినది? ఉపదేశం వల్ల కాదు, పశ్చాత్తాపం వల్ల కూడా కాదు. బాహుకుడనే పేర ఋతుపర్ణునికి సారథియై విదర్భకు రథం తోలుతుండగా, దారిలో ఒక తాండ్రచెట్టు కనిపిస్తుంది. దాని ఆకులెన్నో, కాయలెన్నో ఋతుపర్ణుడు చూచినంతనే చెబుతాడు. నలుడు నమ్మడు. ప్రయాణం ఆలస్యమైనా సరే, దిగి లెక్కించి చూస్తాడు. లెక్క సరిపోతుంది. తన అశ్వహృదయం ఇచ్చి అక్షహృదయం పుచ్చుకొంటాడు. ఆ విద్య లోపలికి పోయినంతనే కలి, అంతవరకు తనను దహిస్తున్న కర్కోటకుని విషాన్ని కక్కుకొంటూ బయటపడుతాడు. ఏ కాయలు పాచికలై మనుష్యులను ముంచినవో ఆ కాయల చెట్టు కిందనే ఈ విడుదల జరగడం చూడండి. లెక్కకు అందినది భయపెట్టదు. అన్యాయంగా కూడా తోచదు.

ఈ లెక్క పాఠశాలలో పిల్లలచేత చేయించవచ్చును. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగూ బోర్ల పడితే అష్టా. గవ్వ నాణెంవలె సమంగా పడే వస్తువు కాదు గాని, లెక్కకోసం సమమనుకొందాము. అప్పుడు పదహారు విధాలలో రెండు మాత్రమే చెమ్మా లేక అష్టా అవుతవి. అంటే ఎనిమిదింట ఒకటి. ఇవి పడితేనే కాయ దిగాలనే నియమమున్న ఇంట్లో వరుసగా పది పందేలు వ్యర్థమయ్యే అవకాశం ఎంత? నాలుగింట ఒకటికి కొంచెం పైనే. నలుగురు కూర్చున్న ఆటలో ఒకరికి అట్లా జరగడం వింత కాదు, జరగకపోవడమే కొంత వింత. పదకొండవ పందెం తప్పక పడుతుందనే ఆశకు కూడా ఆధారం లేదు. గవ్వలకు జ్ఞాపకం లేదు. 1913 ఆగస్టు 18న మాంటికార్లో జూదశాలలో చక్రం వరుసగా 26 సార్లు నలుపు మీదనే ఆగినది. ఇక ఎరుపు రాక తప్పదని ఒడ్డినవారు ఒడ్డినట్లే మునిగినారు. పిల్లలను రెండువందల పందేలు వేయించి, పడినవన్నీ నోటుపుస్తకంలో గీతలుగా గీయిస్తే చాలును. "ఆటే గదా, ఎందుకురా ఏడుపు" అనే మాటకంటె ఆ పుట మేలు చేస్తుంది. క్యారమ్సులో అంచున ఆగిన కాయను కూడా ఇట్లే చూడవచ్చును. కోణమా, వేగమా, వానాకాలపు చెమ్మ వల్ల బల్ల బరువెక్కినదా? మూడింట రెండు మన చేతిలోనివే.

అదృష్టమనే మాటకు అర్థం మంచి కాదు, చెడు కాదు. కనబడనిది అని మాత్రమే. ఈ సీమ ప్రజలు ఆ మాటను గవ్వలాటలో నేర్చుకోలేదు. 1864 నవంబరు 1న సముద్రం బందరును ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. మరణాలు పదివేలకు పైమాటే. అక్కడ పిడికిలి ఎవరి మీద ఎత్తవలె? ఆటలో చెడుముక్కకు బల్ల గుద్దేవారితో దీన్ని పోల్చడం తగదనేవారుంటారు. దుఃఖాలను పోల్చడం తగదు నిజమే. తరువాత జరిగిన పనిని మాత్రం గుర్తుచేసుకోవచ్చును. బందరులో తుఫానులను పసిగట్టే రాడారు వెలసినది. తీరగ్రామాలలో తుఫాను ఆశ్రయ భవనాలు లేచినవి. 1990 మే 9న దాదాపు అదే చోట, కృష్ణ సముద్రంలో కలిసే ప్రాంతంలో, భీకరమైన తుఫాను తీరం దాటినది. ముందుగానే లక్షకు పైగా జనాన్ని తరలించినందువల్ల మృతుల సంఖ్య వేయిలోపు నిలిచినది. గాలి దయ తలచలేదు. కనబడనిదానిలో కొంత కనబడినది.

నలుని కథలో ఇంకొక జూదం మిగిలి ఉన్నది. దమయంతిని కలుసుకొన్న తరువాత అతడు నిషధకు తిరిగివచ్చి పుష్కరుణ్ణి పిలిచినాడు. జూదమైనా సరే, ద్వంద్వయుద్ధమైనా సరే అన్నాడు. పుష్కరుడు సంతోషంతో పాచికలు ఎంచుకొన్నాడు. దమయంతి తనదవుతుందని నోరు జారినాడు కూడా. నలునికి కత్తి దూసి వాని తల నరకాలన్నంత కోపం వచ్చినది. వచ్చిన కోపాన్ని ఒక నవ్వులో దాచుకొని పాచికలు చేతికి తీసుకొన్నాడు. ఒక్కటే పందెం. రాజ్యం తిరిగివచ్చినది. అప్పుడు ఓడి వణకుతున్న తమ్మునితో, నాడు నన్ను గెలిచినది నీవు కాదు, కలి. ఆ నేరం నీపై మోపను అని చెప్పి, వాని భాగం వానికి ఇచ్చి, కౌగిలించుకొని ఇంటికి పంపినాడు. పుష్కరుడు ఒక నెల అక్కడనే అతిథిగా ఉండి మరీ వెళ్లినాడు.