ఇంట్లోనే కుక్క మెదడుకు మేత

పరిచయం

ముసురు పట్టినప్పుడు, ఎండకు రోడ్డు కాలిపోతున్నప్పుడు అపార్ట్‌మెంటులోని కుక్కకు బయటి నడక తగ్గిపోతుంది. అప్పుడది చెప్పులు కొరుకుతుంది, తలుపు గీరుతుంది, అదేపనిగా మొరుగుతుంది. పక్కింటివారు ఫిర్యాదు చేస్తారు. చివరకు "ఇది మాట వినదు" అని వీధిలో వదిలేసేవారూ ఉన్నారు. చాలా సందర్భాల్లో దీనికి కారణం మొండితనం కాదు, పనిలేకపోవడం. ఈ భాగంలో దానికి ఇంట్లోనే పని కల్పించే మార్గాలను తెలుసుకుందాం.

శాస్త్రీయ ఆధారం

మనిషి కుక్కను వేటకు, కాపలాకు, మందలు తోలడానికి పెంచాడు. వాసన పట్టడం, వెతకడం, తెచ్చి ఇవ్వడం దాని సహజ ప్రవృత్తులు. ఇక దాని నేర్చుకునే శక్తికి ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలో విశ్రాంత మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు జాన్ పిల్లీ 'చేజర్' అనే బోర్డర్ కోలీకి 1,022 వస్తువుల పేర్లు నేర్పారు. ఆ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. ప్రతి కుక్కా అంత నేర్వకపోవచ్చు గానీ, ప్రతి కుక్కకూ నేర్చుకునే అవకాశం కావాలి.

ఆటలు

1. వెతుకులాట: కుక్క చూస్తుండగా తిండి ముక్కను కుర్చీ వెనుక ఉంచి "వెతుకు" అనండి. అలవాటయ్యాక అది చూడకుండా వేరే గదిలో దాచండి.

2. తువ్వాలు చుట్ట: పాత తువ్వాలులో గింజల ఆహారం చల్లి చాపలా చుట్టండి. ముక్కుతో, కాళ్లతో విప్పుకొని తింటుంది.

3. మూడు గిన్నెలు: ఒక గిన్నె కింద ముక్క ఉంచి, మూడింటినీ బోర్లించండి. మా ఇంటి కుక్క మొదటి రోజు మూడింటినీ తన్నేసింది. తొందరపడింది నేనే. ఒకే గిన్నెతో మొదలుపెట్టవలసింది.

4. పేరుతో తేవడం: ఒక బొమ్మకు ఒకే పేరు పెట్టి అలవాటు చేశాక రెండోది చేర్చండి.

నేర్పే పద్ధతి

స్కిన్నర్ వివరించిన కార్యసాధక నిబంధనం ఇక్కడ వర్తిస్తుంది. "కూర్చో" అనగానే కూర్చుంటే వెంటనే ముక్క ఇవ్వాలి. ఇదే పునర్బలనం. ఆలస్యమైతే దేనికి బహుమతి వచ్చిందో కుక్కకు తెలియదు. ఒక్కో పాఠం అయిదు నిమిషాలు చాలు. అది గెలిచినప్పుడే ఆట ముగించండి. కొట్టడం వల్ల భయం నేర్చుకుంటుందే గానీ పాఠం కాదు.

జాగ్రత్తలు

ఆటలో పెట్టే తిండిని రోజువారీ ఆహారంలోంచే తీయండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ పెట్టకూడదు. అవి కుక్కకు విషతుల్యం. మింగగలిగేంత చిన్న బంతులు ఇవ్వవద్దు. చురుకైన కుక్క హఠాత్తుగా ఆట మానేస్తే పశువైద్యునికి చూపించండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. బహుమతి వెంటనే ఎందుకు ఇవ్వాలి?
2. మీ ఇంట్లో దొరికే వస్తువులతో ఒక వెతుకులాటను రూపొందించి, వారం రోజుల్లో కుక్క ప్రవర్తనలో గమనించిన మార్పులు రాయండి.