ధూమ్ర స్ఫటికం

ధూమ్ర స్ఫటికం పలుగురాయిలో పొగరంగు గల రకము. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాల గ్రానైటు, నైస్ శిలలలో తెల్లని పలుగురాతి చారలు సామాన్యమే. పొగరంగు మాత్రం అన్నిటికీ రాదు. స్ఫటికంలో కొన్ని సిలికాన్ పరమాణువుల స్థానాన్ని అల్యూమినియం ఆక్రమించి, ఆపై చుట్టూ ఉన్న శిలలోని పొటాషియం, యురేనియం, థోరియంల రేడియోధార్మిక కిరణాలు దీర్ఘకాలం తాకితేనే ఈ రంగు ఏర్పడుతుంది. సుమారు 300–400 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అది పోతుంది. కనుక నిప్పుతో పరీక్షించడమంటే నమూనాను చెడగొట్టుకోవడమే!

తెల్లరాయికి గామా కిరణాలు సోకించి, తక్కువ కాలంలోనే నల్లబరచి అమ్మడం కూడా కలదు. కాఠిన్యం 7 కావున పలుగు గాజును గీస్తుంది; ఈ పరీక్షతో గాజు నకిలీలు బయటపడతాయి గాని, కృత్రిమంగా రంగెక్కిన పలుగు పట్టుబడదు. రెండింటినీ కంటితో వేరుచేయడం కష్టం. అందువల్లనే సేకరించేవారు స్ఫటికానికి అంటియున్న మాతృశిలను ఊడగొట్టక, దొరికిన చోటు పేరును చీటీపై వ్రాసి జతచేస్తారు.