పొల్లును చెరుగు యంత్రము

కళ్లమున ధాన్యమును తూర్పారబట్టు రైతు పొల్లును అక్కడనే విడిచి, గింజను మాత్రమే బండికెత్తును. పొల్లుతోగూడ ఇంటికి మోసికొనిపోయి, పిమ్మట తీరికగా చెరుగుదమని ఏ రైతును తలపడు. ఈ సామాన్య వివేకమును యంత్రములకు నేర్పుట యెట్లు? కృత్రిమ మేధారంగమున కృషి చేయు శాస్త్రజ్ఞుల యెదుట నేడున్న ప్రశ్నలలో ఇది యొకటి. వారి ధాన్యము ఛాయాచిత్రములు. వారి కళ్లము కెమెరా యున్న చోటు.

తూర్పు ఆఫ్రికాయందలి టాంజానియాలో సెరెంగెటి జాతీయవనము గలదు. 2010వ సంవత్సరమున అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఆ మైదానములలో 1,125 చదరపు కిలోమీటర్ల మేర 225 కెమెరాలను అమర్చిరి. ఎదుట వెచ్చని వస్తువేదైన కదలినచో కెమెరా తనంతతానే చిత్రము తీయును. మనుష్యుని అలికిడి లేనందున సింహములు, ఏనుగులు, జీబ్రాలు నిర్భయముగా దాని కంటబడెను. 2013 నాటికి పోగుపడిన చిత్రములు 32 లక్షలు.

కాని వానిలో నూటికి సుమారు 75 చిత్రములలో ఏ జంతువును లేదు! ఎండకు వేడెక్కిన గడ్డి గాలికి ఊగినను కెమెరా దానిని ప్రాణియని భ్రమించెను. అదిగాక, ఒక్కొక్క కదలికకు మూడు వరకు చిత్రములు తీయు ఏర్పాటుండుటచే, ఒకే జీబ్రా ఒకే భంగిమలో పలుమార్లు కానవచ్చెను. ఈ రాశిని చెరుగుటకు పేర్లు నమోదు చేసికొన్న స్వచ్ఛంద సేవకులు 28 వేలమందియు, నమోదు చేసికొననివారు మరి 40 వేలమందియు పూనుకొనిరి. వారి శ్రమలో ఎంతో భాగము వట్టి గడ్డిని చూచుటతోనే గడచెను.

2018లో ప్రకటితమైన యొక పరిశోధన ఈ భారమును తేలికపరచు మార్గమును చూపెను. సేవకులు గుర్తించిన చిత్రములనే పాఠములుగా నుంచి శాస్త్రజ్ఞులు యంత్రమునకు శిక్షణ నిచ్చిరి. తనకు గట్టి నమ్మకమున్న చిత్రములపై మాత్రమే యంత్రము తీర్పు చెప్పి, తక్కినవానిని మనుష్యులకు వదలినచో, నూటికి 99.3 వంతుల పని అదియే చేయగలదనియు, దాని నిర్ణయములు సేవకుల నిర్ణయములవలెనే నూటికి 96.6 వంతులు సరియైనవనియు తేలెను. వారమునకు 40 గంటలు పనిచేయు ఒక మనుష్యునికి అది 8 సంవత్సరములకు మించిన శ్రమ.

అయినను ఇది ఇంటికి మోసిన పిమ్మట చెరుగుటయే. కళ్లముననే చెరుగవలెనన్న తెలివి కెమెరాలోనే యుండవలెను. సమాచారము పుట్టుచోటనే యుండి కొంత ఆలోచన చేయగల ఇట్టి సాధనములకు ఎడ్జ్ పరికరములని పేరు.

2020 సెప్టెంబరు 3వ తేదీన ఫ్రెంచి గయానాయందలి కూరూ నుండి ఐరోపా అంతరిక్ష సంస్థవారి ఫైశాట్-1 అను ప్రయోగము ఆకాశమున కెగసెను. ఏ క్షణమున చూచినను భూతలములో దాదాపు మూడింట రెండు వంతులు మేఘములు కప్పియుండును. భూమిని చిత్రించు ఉపగ్రహమునకు నేలకు వార్త పంపు వ్యవధి స్వల్పము. ఆ స్వల్పకాలమును మేఘముల బొమ్మలతో వ్యర్థము చేయనేల? కావున ఆ ఉపగ్రహముననే యొక చిన్న చిప్పును అమర్చి, మేఘము మిక్కుటమైన చిత్రములను అది అక్కడనే విడుచునట్లు ఏర్పరచిరి.

మరియొక పద్ధతి పోలిక. చిత్రమును మిక్కిలి చిన్నదిగా కుదించి, అందలి వెలుగు నీడల పొందికను కొలది అంకెలుగా మార్చుదురు. క్రొత్త చిత్రపు అంకెలు పాతవానితో సరిపోలినచో రెండవదానిని పంపనక్కరలేదు. దీనివలన విద్యుత్తును స్థలమును మిగులుటయే కాదు, యంత్రపు చదువును బాగుపడును. అభ్యాసమునకిచ్చిన లెక్కనే పరీక్షలోను ఇచ్చినచో విద్యార్థికి మార్కులు వచ్చును గాని, లెక్క వచ్చినదో లేదో ఉపాధ్యాయునకు తెలియదు. పాఠమున నున్న చిత్రమునకు జోడు చిత్రము పరీక్షలో చేరినచో యంత్రము విషయమునను జరుగునది అదియే.

అయితే అపాయమును ఇక్కడనే పొంచియున్నది. కళ్లమున విడిచిన పొల్లులో గింజ యున్నచో అది మరల చేతికి రాదు. సెరెంగెటి చిత్రములలో విల్డబీస్టులు, జీబ్రాలు, గజెల్ జింకలు లెక్కకు మిక్కిలి; చారలుగల చిన్న మృగమైన జోరిల్లా మాత్రము మిక్కిలి అరుదు. తరచుగా చూచినదానిని యంత్రము సులభముగా గుర్తించును. అరుదుగా చూచినదానియందు తడబడును. రాత్రివేళ గడ్డిలో నక్కియున్న అట్టి ప్రాణిని వట్టి గడ్డియని తలచి చిత్రమును తుడిచివేసినచో, ఆ ప్రాణి వచ్చెనన్న సంగతియే లోకమునకు తెలియదు. ఒకే తీరు చిత్రములు పది యున్నచో తొమ్మిది వ్యర్థమనుటయు తొందరపాటే. జంతువు అక్కడ ఎంతసేపు నిలిచెనో చెప్పునవి ఆ తొమ్మిదియే.

కావున చిత్రమును విడిచినను దాని వేళను లెక్కను వ్రాసియుంచుట, విడిచినవానిలో కొన్నిటినైన దాచి అప్పుడప్పుడు మనుష్యులు పరీక్షించుట, సందేహమున్నచోట తీర్పును మనుష్యునికే అప్పగించుట మేలు. పొల్లును ఎగురగొట్టుటకు గాలి చాలును. గింజను నిలుపుకొనుటకు చేటపై చూపుండవలెను.