పికప్‌కు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయిస్తున్నారా? ముందు ఆర్సీ తీసి చూడండి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద రెండు రకాల పికప్‌లు తిరుగుతుంటాయి. ఒకటి టమోటా బాక్సులు, పట్టుగూళ్లు, వేరుశనగ మూటలు మోసే పసుపు బోర్డు బండి. రెండోది ఆదివారం కొండదారులు, ఏటి ఇసుక తొక్కించడానికి కొన్న తెల్ల బోర్డు డబుల్ క్యాబ్. మొదటి యజమాని పొలం గట్ల మీద బండి కింద తగలకూడదని, ఎక్కువ లోడు ఆగాలని వెనుక కమాన్ కట్టలో ఒకటి రెండు పట్టీలు అదనంగా వేయిస్తాడు. రెండో ఆయన లిఫ్ట్ కిట్ బిగించి, గుబ్బల టైర్లు ఎక్కిస్తాడు. అవసరాలు వేరైనా ఇద్దరికీ వర్తించే చట్టం ఒక్కటే.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ దీనికి మూలం. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. ఆమోదం పొందిన సీఎన్జీ కిట్ అమర్చడం, దివ్యాంగుల కోసం బండిని అనువుగా మార్చడం వంటి కొన్నింటికి మాత్రం దారి ఉంది. అనుమతితో చేసిన మార్పును కూడా 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

కేరళ నుంచి వచ్చిన కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా ఏ వాహనాన్నీ మార్చడానికి వీల్లేదంది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణతో 182ఏ సెక్షన్‌ను తిరగరాశారు. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. లిఫ్ట్ ఒకటి, చక్రాలు ఒకటి, ముందు ఇనుప బంపరు ఒకటి అని విడివిడిగా లెక్క కట్టే వీలుంది. బుల్ బార్ల మీద చర్యలు తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇది కేంద్ర చట్టం కాబట్టి హిందూపురం దాటి గౌరిబిదనూరు వైపు వెళ్లినా ఇవే సెక్షన్లు.

పసుపు బోర్డు వాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ వివరాల్లో ముందు, వెనుక ఇరుసులకు టైర్ల సంఖ్య, సైజు, ఒక్కో ఇరుసు మోయగల బరువు కూడా నమోదవుతాయి. అంటే సైజు మారితే అది అందం కోసం చేసిన మార్పు అనిపించుకోదు, రికార్డుతోనే తేడా వస్తుంది. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉండాలి. అది లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్నట్టే కాదు. బండి షెడ్డులో నిలబడితే ఆ వారం గూళ్లు మార్కెట్‌కు చేరేది ఎలాగో, కిస్తీ కట్టేది ఎలాగో మీకే తెలుసు.

పెద్ద టైరుతో వచ్చే లాభం ఎంత?

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. 245/70 ఆర్16 అని రాసి ఉంటే 245 మిల్లీమీటర్లు వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 16 అంగుళాలు రిమ్ము. ఈ టైరు మొత్తం ఎత్తు సుమారు 749 మి.మీ. దాని బదులు 265/70 ఆర్16 వేస్తే 777 మి.మీ. తేడా 28 మి.మీ. అయినా బండి పైకి లేచేది అందులో సగం, 14 మి.మీ. మాత్రమే. చిటికెన వేలి మందమంత ఎత్తు కోసం ఏం వదులుకుంటున్నారో చూడండి. చక్రం ఒక చుట్టుకు దాదాపు 3.7 శాతం ఎక్కువ దూరం పోతుంది. అప్పటిదాకా స్పీడోమీటర్ సరిగ్గా చూపిస్తోందనుకుంటే, ఇక 80 చూపినప్పుడు అసలు వేగం 83. చక్రం బరువెక్కి పికప్ తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. వెడల్పాటి రిమ్ములో ఆఫ్‌సెట్ తేడా ఉంటే భారం చక్రం బేరింగుల మీద పడుతుంది.

సైజు తర్వాత చూడాల్సింది లోడ్ ఇండెక్స్. పక్కగోడ మీద 111 అని ఉంటే ఆ టైరు 1,090 కిలోలు మోస్తుంది, 100 అని ఉంటే 800 కిలోలే. చూడటానికి మొరటుగా ఉన్న టైరు ఎక్కువ మోస్తుందనుకోవడం ఉత్త భ్రమ.

లిఫ్ట్, అదనపు పట్టీలు: అసలు ప్రమాదం బ్రేకులతో

బండి ఎత్తు పెరిగితే బరువు కేంద్రం పైకి జరుగుతుంది, మలుపులో పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. ఇది అందరూ ఊహించేదే. ఎక్కువ మందికి తెలియనిది బ్రేకుల సంగతి. చాలా సరుకు పికప్‌లలో వెనుక ఇరుసు దగ్గర లోడును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఒకటి ఉంటుంది. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య దూరం తగ్గితే లోడు ఉందని, పెరిగితే బండి ఖాళీ అని అది అనుకుంటుంది. మీరు బ్లాకులు పెట్టి ఎత్తినా, పట్టీలు వేసి కమాన్ గట్టిపరిచినా ఆ దూరం తగ్గదు. బండి నిండా సరుకున్నా వాల్వు ఖాళీ బండి లెక్కే చూసుకుని వెనుక చక్రాలకు తక్కువ ఒత్తిడి పంపుతుంది. పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగితే ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? వాల్వును కొత్త ఎత్తుకు తగ్గట్టు సరిచేయకుండా కమాన్ ముట్టుకునే మెకానిక్ దగ్గరికి వెళ్లకపోవడమే మేలు.

ముందు వైపు ఇంకో తంటా. స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న ఫోర్ బై ఫోర్‌లో ఎత్తు పెంచితే డ్రైవ్ షాఫ్టుల కీళ్లు ఎక్కువ వంపులో తిరిగి త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి, అలైన్‌మెంట్ చెడుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి.

పట్టీలు వేయించుకుంటే ఎక్కువ లోడు వేసుకోవచ్చన్నది ఇంకో అపోహ. కమాన్ వంగకపోయినంత మాత్రాన ఆర్సీలోని మొత్తం బరువు పెరగదు. పరిమితి దాటితే 194వ సెక్షన్ కింద రూ.20,000, దానిపైన అదనపు టన్నుకు రూ.2,000, ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా మీదే.

మరి ఏం చేసుకోవచ్చు?

చాలానే ఉంది. అదే సైజులో, అదే లేదా అంతకన్నా ఎక్కువ లోడ్ ఇండెక్స్‌తో, ఐఎస్ఐ గుర్తున్న ఆల్ టెర్రైన్ టైర్లు వేసుకోండి. మన ఎర్రమట్టి దారులకు, గులకరాళ్లకు ఇవి బాగా సరిపోతాయి. గుబ్బల మడ్ టైర్లు బురదకే గానీ తడిసిన తారు రోడ్డు మీద పట్టు తక్కువ. అరిగిన కమాన్ పట్టీలు, షాక్ అబ్జార్బర్లు కంపెనీ స్పెసిఫికేషన్‌వే కొత్తవి వేయిస్తే కోల్పోయిన ఎత్తు తిరిగొస్తుంది. చాలామందికి కావాల్సింది అంతే. టైరు గాడి లోతు 1.6 మి.మీ. కన్నా తగ్గితే నిబంధనల ప్రకారం ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. కంపెనీ ఆమోదించిన ఇతర టైరు సైజులుంటే డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కర్‌లోనో, మాన్యువల్‌లోనో రాసి ఉంటాయి.

ఇంకా కొనకపోతే, ఎత్తు కావాల్సిన వాళ్లు ఎత్తున్న బండినే కొనడం తెలివైన పని. పెనుకొండ పక్కన ఎర్రమంచిలోని కియా కార్లు చేస్తుంది గానీ ఇక్కడ పికప్ చేయదు. టయోటా హైలక్స్, మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటివి ఫోర్ బై ఫోర్‌తో దొరుకుతాయి. బండి ఏదైనా రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా తీసుకెళ్తే అది అటవీ శాఖ కేసు.

బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత సర్వేయరు కంట పడితే సొంత నష్టం క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఏ మార్పు చేసినా ముందే రాతపూర్వకంగా తెలియజేసి, పాలసీలో ఎండార్స్‌మెంట్ తీసుకోండి.

ఇప్పటికే మార్పులు చేసిన సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే, బండి రిజిస్ట్రేషన్ వివరాలను టైరు మీది అంకెలతో పోల్చండి. వెనుక కమాన్ పట్టీలు లెక్కపెట్టి, కంపెనీ ఇచ్చినవి ఎన్నో సర్వీసు సెంటర్‌లో అడగండి. తేడా ఉంటే పాత స్థితికి తెచ్చే ఖర్చును ధరలో తగ్గించమనండి. విప్పేసిన అసలు రిమ్ములు, పట్టీలు అమ్మేవాడి దగ్గరే ఉంటే అవి కూడా తీసుకోండి, వచ్చే ఫిట్‌నెస్‌కు పనికొస్తాయి.